సవరణ: రపంజెల్ గర్భం నవల కోసం పుట్టించింది కాదు

పారిస్ సలోన్లలో (ఇళ్లలో జరిగే సాహిత్య గోష్ఠుల్లో) అద్భుత కథలు చెప్పిన స్త్రీల మీద వచ్చిన చారిత్రక నవలల గురించి మొన్న రాసిన పోస్టులో, రపంజెల్ కథలో గోపురంలో బందీగా ఉండి, పొడవాటి జడ కిందికి వదిలి మనుషుల్ని పైకి లాగే పిల్ల గర్భవతి కావడం శృంగారం దట్టించడానికి నవలల్లో కలిపిన మసాలా అన్నాను. తప్పు నాదే.

ఆ సంగతి మూలంలోనే ఉంది. రపంజెల్ కథకు పాత ఫ్రెంచి రూపమైన 'పెర్సినెట్'లో, అంటే రచయిత్రి షార్లొట్-రోజ్ ద లా ఫోర్స్ 1698లో అచ్చువేసిన కథలో, నాయిక గర్భం దాలుస్తుంది, ఆ సంగతి ఆమెను పెంచిన దేవకన్య కంటపడుతుంది, తరవాత కవలలు పుడతారు. నాయిక పేరు కూడా పార్స్లీ ఆకు నుంచి వచ్చిందే. తల్లి కడుపుతో ఉన్నప్పుడు వేవిళ్ల కోరికగా అడిగిన ఆకు అది!

పొరపాటు ఎక్కడ జరిగిందంటే, నేను సరిచూసింది జర్మన్ జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల పుస్తకం 1857 నాటి చివరి కూర్పుతో. ఇప్పుడు దొరికే అనువాదాల్లో ఎక్కువ వాటికి అదే ఆధారం. అందులో రపంజెల్ 'రాకుమారుడి కన్నా నువ్వే బరువేమిటి' అని మంత్రగత్తెతో నోరుజారుతుంది. 1812 మొదటి కూర్పులో మాత్రం 'నా బట్టలు బిగుతవుతున్నాయేం' అని అడుగుతుంది. పిల్లల పుస్తకంలో ఇదేమిటన్న విమర్శలు రావడంతో గ్రిమ్‌లు ఆ మాట మార్చేశారు. కవలలను మాత్రం ఉంచేశారు, ఎలా పుట్టారో చెప్పకుండా!

కాబట్టి పోల్చి చూసేవాళ్లు చేతిలో ఉన్నది ఏ కూర్పుకు అనువాదమో ముందుమాటలో చూసుకోండి. పాత పోస్టులో ఆ పేరా తీసేశాను.