పదకొండో రోజు తర్వాత సీరియల్ ఎక్కడికి పోతుంది?

శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర మా మేనత్త ఇంట్లో రాత్రి ఏడున్నరకు టీవీ ముందు ఐదుగురు ఆడవాళ్లు చేరతారు. వాళ్లలో ముగ్గురికి భర్తలు లేరు. ఇద్దరి భర్తలు కిడ్నీ జబ్బుతో పోయారు, మా మామయ్య గుండెపోటుతో. పోయిన సంక్రాంతికి నేను వెళ్లిన రోజునే సీరియల్లో కథానాయిక భర్త ప్రమాదంలో చనిపోయాడన్న కబురు వచ్చింది. ఆ కబురు ఆమె చెవిన పడటానికే పది నిమిషాలు పట్టింది. చేతిలోంచి హారతి పళ్లెం జారింది. అది నేలను తాకేలోపు ఇంట్లో ఉన్న తొమ్మిది మంది ముఖాలూ మూడేసి సార్లు కనిపించాయి. తర్వాత గాజులు. ఒక్కో గాజూ విడివిడిగా, నిదానంగా, వెనక సన్నాయి ఏడుస్తుండగా పగిలింది.

పొరుగింటామెకు ముప్పై అయిదేళ్లుంటాయి. పగలంతా జీడిపప్పు పొట్టు తీసి వచ్చి, గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. చూసి చూసి, "ఆ పిల్లకు అన్ని గాజులు ఎలా మిగిలాయక్కా? నాకు ఆ రోజు రెండే ఉన్నాయి. మిగతావి ఆసుపత్రుల్లో తిరిగేటప్పుడే పగిలిపోయాయి" అంది. ఎవరూ ఏడవలేదు. మా మేనత్త నవ్వింది కూడా.

సీరియల్ రాసేవాళ్లకు చావు బాగా తెలుసు. వైధవ్యం తెలియదు. చావు ఒక రోజు పని, కర్మలతో కలిపి పదకొండు రోజులు. దాన్ని నాలుగు వారాలు లాగగలిగిన సీరియల్, పన్నెండో రోజు పొద్దున ఆ మనిషి లేచి ఇంట్లో ఏం చేసిందో చూడటానికి నాలుగు నిమిషాలు ఆగదు. అక్కడి నుంచి ఆమె కథకు ఒక అడ్డంకి. శవం ముఖం చూపించలేదంటే ఆయన తిరిగొస్తాడు, ఈ సంగతి మా మేనత్త వీధిలో మూడో తరగతి పిల్లలకూ తెలుసు. చూపించి ఉంటే అవే పోలికలతో ఇంకొకడు దిగుతాడు. ఎవరూ రాకపోతే ఆమే కళ్లెర్రజేసి హంతకుణ్ని వెతకడానికి బయలుదేరుతుంది. ఏది జరిగినా దుఃఖపడే తీరిక మాత్రం ఆమెకు దొరకదు.

కాస్త ఓపిక చూపిన కథ ఒకటి డబ్బింగ్ రూపంలో మన ఇళ్లలోకి వచ్చింది. 2008లో హిందీలో మొదలైన 'బాలికా వధు', తెలుగులో 'మా టీవీ' ఛానల్లో 'చిన్నారి పెళ్లికూతురు'. అందులో సుగ్నా అనే అమ్మాయికి చిన్నప్పుడే పెళ్లవుతుంది. అత్తవారింటికి పంపే వేడుక రోజునే భర్త హత్యకు గురవుతాడు. అప్పటికే ఆమె గర్భవతి. ఆ కడుపు గురించి ఇంట్లో నడిచిన గుసగుసలూ, ఆమె మళ్లీ మనుషుల్లో పడటానికి పట్టిన కాలమూ ఆ కథలో ఉన్నాయి. చివరికి శ్యామ్‌తో మళ్లీ పెళ్లి జరిగింది. అది రాజస్థాన్ పల్లె కథ, అక్కడి ఆచారం ప్రకారం అల్లినది. తెల్లచీర మన పాత సినిమాల్లోనూ ఉంది గానీ, ఆ తరహా కథల నుంచి మన సీరియళ్లు మరోసారి తెచ్చుకున్నది ఆ చీరనే. ఓపికను అక్కడే వదిలేసి వచ్చాయి.

పలాసలో జీడి పరిశ్రమల గేటు దగ్గర సాయంత్రం పూట నిలబడి చూడండి. బయటికి వచ్చే ఆడవాళ్లలో భర్త లేనిది ఎవరో చీరను బట్టి చెప్పలేరు. అందరివీ రంగు చీరలే, అందరి వేళ్లకూ జీడి మరకలే. నుదుట చిన్న స్టిక్కరు పెట్టుకున్నవాళ్లూ ఉంటారు, పెట్టుకోనివాళ్లూ ఉంటారు. అది ఒక్కొక్కరికి ఒక్కో లెక్క, అత్త బతికి ఉందా లేదా అన్నదాన్ని బట్టి కూడా మారుతుంది.

మళ్లీ పెళ్లి అనగానే ఊరంతా ఉలిక్కిపడే సన్నివేశం ఒకటి ప్రతి సీరియల్లోనూ ఉంటుంది. ఈ జిల్లాల్లో అది అందరి ఇళ్ల కథా కాదు. వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని 1856లో చట్టం వచ్చింది. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆ పెళ్లిని నిషేధించుకున్న అగ్రవర్ణాల ఇళ్లకే ముఖ్యంగా ఆ సంచలనం తగిలింది. మారుమనువు అన్న మాట అంతకు ముందు నుంచీ ఉంది. చాలా శ్రామిక కులాల్లో, ఏజెన్సీలోని సవర గిరిజన కుటుంబాల్లో, చిన్న వయసులో భర్త పోయిన మనిషి మరొకరితో కాపురం పెట్టడం వింత కాదు. ఇప్పుడు అలాంటి ఇళ్లలో కొన్ని నాలుగు డబ్బులు చూసి, టీవీ కొని, "మన ఇళ్లలో అలా చేయరు" అనడం నేర్చాయి. ఆ నేరమంతా సీరియల్ మీద మోపను. పరువు కొనుక్కునే దుకాణాలు ఇంకా చాలా ఉన్నాయి. ఆ మాటకు బొమ్మలు కట్టి రోజూ ఇంటికి పంపుతున్నది మాత్రం సీరియలే.

విజయనగరంలో 1892లో 'కన్యాశుల్కం' మొదటిసారి ఆడారు. 1909 నాటి రెండో కూర్పుతోనే మనకు ఎక్కువ పరిచయం. ఒక్క నాటకంలో ముగ్గురు వితంతువులు, ఒకరికొకరు పోలిక లేదు. పూటకూళ్లమ్మ అన్నం అమ్ముకుని బతుకుతుంది, తన డబ్బు తిన్న గిరీశం కోసం చీపురుకట్ట పట్టుకుని వస్తుంది. మీనాక్షికి కోరికలున్నాయి, వాటి వల్ల దెబ్బలు తినడమూ ఉంది. బుచ్చమ్మ అమాయకురాలే, కానీ చెల్లెలి పెళ్లి ఆగుతుందంటే ఇల్లు దాటడానికి ఒప్పుకుంటుంది. పోయిన భర్తను తలచుకుని వలవల ఏడ్చే ఘట్టం కోసం ఆ ముగ్గుర్నీ గురజాడ రంగం మీదికి తేలేదు. వాళ్లు ఏం తింటారు, ఎవరితో మాట్లాడతారు, ఎవరు వాళ్లను మోసం చేస్తారు అన్నది ఆయనకు కావాలి. అందుకే ఆ నాటకంలో నవ్వు ఆగదు. సీరియల్లో వితంతువు నవ్వితే నేపథ్య సంగీతమే ఆమెను అనుమానిస్తుంది.

సోంపేట, పలాస చుట్టూ కిడ్నీ జబ్బు పాకిన ప్రాంతమే ఉద్దానం. అక్కడ పన్నెండో రోజు ఎలా ఉంటుందో లెక్కల్లోనే చెప్పవచ్చు. భర్త డయాలసిస్ మీద ఉన్నన్నాళ్లూ ఇంటికి నెలకు 10,000 రూపాయల పింఛను వస్తుంది. ఆయన పోయాక అది ఆగుతుంది. వితంతు పింఛను మంజూరైతే 4,000. అప్పు మాత్రం ఆయన ఉన్నప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే, కొండొకచో వడ్డీతో ఎక్కువే. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడు సార్లు ఆటోలో తీసుకెళ్లి గంటల తరబడి కూర్చోవడం. పొరుగింటామె మూడేళ్లు ఆ పని చేసింది. ఆయన పోయిన తర్వాత కూడా చాలా రోజులు మంగళవారం తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చేదట. లేచి సంచి సర్దబోయి, గుర్తొచ్చి, మళ్లీ పడుకునేదట. ఇది విన్నాక హారతి పళ్లెం జారడం నాకు పిల్లల ఆటలా అనిపించింది.

భర్త బతికే ఉన్నాడేమో అన్న ఎదురుచూపును సీరియళ్లు మలుపు కోసం వాడుకుంటాయి. మన తీరంలో దాన్ని నిజంగా అనుభవించినవాళ్లున్నారు. గుజరాత్ వైపు వేటకు వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో విడుదలయ్యారు. ఆ పదమూడు నెలల పైచిలుకూ వాళ్ల భార్యల నుదుట బొట్టు ఉంది, ఇంట్లోకి సంపాదన లేదు. ఆ మధ్యస్థ స్థితికి సీరియల్ దగ్గర సంగీతం లేదు.

ఒక్క సంగతి సీరియల్ పక్షాన చెప్పాలి. మా మామయ్య పోయినప్పుడు మేనత్త ఏడవలేదు. వచ్చినవాళ్లకు కాఫీలు సరిపోయాయా లేదా అని వంటింటికీ వీధి అరుగుకూ తిరుగుతూనే ఉంది. ఆరు నెలల తర్వాత ఏదో సీరియల్లో ఓ ముసలాయన చనిపోతే వెక్కి వెక్కి ఏడ్చిందని మా పెద్ద వదిన చెప్పింది. టీవీ ముందు ఏడ్చేవాళ్లను ఎందుకని ఎవరూ అడగరు. ఆ మరుగు కోసమే ఆ ఐదుగురూ అక్కడ చేరుతున్నారేమో. అందుకే చూడటం మానేయమని వాళ్లకు చెప్పను. రాసేవాళ్లనే అడుగుతాను, పన్నెండో రోజు ఎక్కడని.

2019 ఎన్నికలకు ముందు డ్వాక్రా మహిళలకు చెక్కులుగా ఇచ్చిన పదివేల రూపాయల పథకం పేరు 'పసుపు-కుంకుమ'. వితంతు సభ్యులూ ఆ చెక్కులు తీసుకున్నారు. పేరు పెట్టినవాళ్లకు ఆ ఊహ వచ్చిందో లేదో గానీ, ఈ ఒక్క సంగతి చాలు, మంచి రచయితకు వారం రోజుల కథ.

సీరియల్ అయ్యాక పొరుగింటామె ఒక కాగితం తెచ్చింది. పొలం తన పేరుకు మార్చుకోవడానికి అర్జీ. "మీ చేతిరాత బాగుంటుందట కదా, రాసి పెట్టండి అక్కా." భర్త పేరు దగ్గర ఆగాను. ఆమెకు అర్థమైంది. "ముందు లేట్ అని రాయండి. పోయినసారి అది లేదని వెనక్కి పంపారు" అంది. రాశాను. సిరా ఆరేంత వరకు కాగితం చేత్తో పట్టుకుని, సర్వే నంబరు సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు చూసుకుంది.