నూట పదహార్ల మామయ్య

అక్క పెళ్లయిన మూడో రోజు, పెద్దనాన్న పసుపు మరకల చదివింపుల పుస్తకం తెచ్చి నా ఒళ్లో పడేశాడు.

"పైథాన్ నేర్చుకుంటున్నావటగా, దీన్ని కంప్యూటర్లోకి ఎక్కించరా."

గుంటూరు బ్రాడీపేటలో ఈ ప్రోగ్రామింగ్ భాష కోచింగ్‌కి చేరి అప్పటికి పన్నెండు రోజులు. పాఠం సరిగ్గా డిక్షనరీల లిస్టు దగ్గరుంది. మనిషికో డిక్షనరీ, అందులో పేరు, ఊరు, మొత్తం. అన్నీ కలిపి ఒక లిస్టు. అచ్చం చదివింపుల పుస్తకమే! పెళ్లికొడుకంత దర్జాగా కూర్చున్నాను.

187 పద్దులు ఫైల్లోకి కొట్టేసరికి రాత్రి పదకొండయింది. పద్దులన్నీ ఒక్కొక్కటిగా చూపించడానికి లూప్ నడిపాను. పేరు, ఊరు, మొత్తం. పేరు, ఊరు, మొత్తం. తెరంతా ఇదే. డిక్షనరీ మీద ఉత్త ఫర్ లూప్ తిప్పితే కీలే, అంటే శీర్షికలే వస్తాయట, వాటి పక్కనున్న విలువలు రావు. పిలుపులు వెళ్లాయి, చుట్టాలు రాలేదన్నమాట. రెండూ కలిపి ఇచ్చే ఐటమ్స్ అని అడిగాక కదిలారు.

కదిలింది ఒక్కరే. తెనాలి మామయ్య, 116. కింద మళ్లీ తెనాలి మామయ్య, 116. అలా 187 సార్లు.

పందిరి విప్పుతుంటే వచ్చి పుస్తకంలో చివరి పద్దు రాయించిన మనిషాయన. పెద్దమ్మకి సొంత తమ్ముడు.

పెద్దనాన్న కళ్లజోడు సర్దుకుని లెక్క వేశాడు. "మొత్తం ఇరవై ఒక్క వెయ్యి ఆరువందల తొంభై రెండా? భోజనాల్లో పెరుగు ఖర్చుకే చాలదు కదరా!"

పెద్దమ్మ మొహం మాత్రం మతాబులా వెలిగింది. "చూశారా? ఎక్కడ చూసినా మా తమ్ముడే. మీ వైపు వాళ్లు ఒక్కరైనా ఉన్నారా?"

తప్పు తెల్లవారుజామున దొరికింది. పద్దుల్ని ఒక్కొక్కటిగా లిస్టులో చేర్చే లూప్ ఒకటుంది, డిక్షనరీని దాని బయట ఒక్కసారే తయారుచేశాను. ఉన్నది ఒకటే పలక. మొదటి పేరు రాశాను, లిస్టులో తగిలించాను. అదే పలక తుడిచి రెండో పేరు రాశాను, మళ్లీ తగిలించాను. లిస్టు దాచుకునేది రాతని కాదు, పలకని. చివరికి పలక మీద మిగిలింది తెనాలి మామయ్య. డిక్షనరీ తయారుచేసే లైన్ని లూప్ లోపలికి జరిపాను, అంతే. ఒక్క లైను! దాని కోసం నాలుగు టీలు తాగాను.

పొద్దున్నే 187 మందీ ఎవరి ఊళ్లతో వాళ్లు, ఎవరి డబ్బులతో వాళ్లు వరసగా దిగారు. పెద్దనాన్న వీధి గుమ్మం దాకా వినపడేలా చదివాడు: "బామ్మర్ది, తెనాలి, నూట పదహార్లు. ఒక్కసారే!"

ఆయన స్నానానికి వెళ్లగానే పెద్దమ్మ నా పక్కన చేరి గొంతు తగ్గించింది.

"ఒరే నాన్నా, రాత్రి వచ్చిందే, ఆ లిస్టు చెరిపేశావా, ఉందా?"