ర్యామ్ కూడా అతికించేస్తే ఎలా?

కొత్త ల్యాప్‌టాప్ వెనక మూత విప్పితే ఏముంది? ర్యామ్ (మెమరీ) పెట్టే స్లాటే లేదు! 8 జీబీ చిప్పులు మదర్‌బోర్డుకే సోల్డర్ చేసేశారు, అంటే కరిగించిన లోహంతో అతికించేశారు. ఈ రోజుల్లో 8 జీబీ ఏ మూలకి?

చిప్పు మార్పించుకోవాలట. ఎలా? దాని కింద వందల బుల్లి సోల్డర్ ఉండలు. మామూలుగా వాడే సీసం లేని సోల్డర్ కరగాలంటే 217 డిగ్రీలు దాటాలి. వేడి కాస్త ఎక్కువైతే బోర్డే పోతుంది. చక్కగా అతికినా, చాలా బోర్డుల్లో మెమరీ సైజు చెప్పే బుల్లి రెసిస్టర్లు కూడా మార్చాలి. లేకపోతే పాత 8 జీబీయే చూపిస్తుంది, లేదా అసలు ఆన్ కాదు.

ల్యాప్‌టాప్ పలచగా, వేగంగా ఉండాలంటే ఇలా అతికించక తప్పదంటారు. మరి ఇలా అతికించే వేగవంతమైన ర్యామ్ రకం ఎల్‌పీడీడీఆర్5ఎక్స్‌కి స్క్రూలతో బిగించి, కావాలంటే విప్పి మార్చుకునే ఎల్‌పీక్యామ్2 మాడ్యూల్ వచ్చింది కదా? అది పెట్టడానికేం? స్పెక్స్‌లో మాత్రం ఓ మూల "ఆన్‌బోర్డ్" అని, అంటే బోర్డుకే అతికించేశామని, చిన్నక్షరాలు. కొనేవాడికి ఆ ముక్క ముందే చెప్పొద్దా?