ఎద్దు మీద ఎక్కాలంటే మూడేళ్లు ఆగాలి

సంక్రాంతికి విశాఖలో మా మద్దిలపాలెం సందులోకి గంగిరెద్దు వస్తుంది. సన్నాయి ఆపి, ఆడించే ఆయన దాని మెడ మీద రెండు వేళ్లు ఆనించి చెవి దగ్గర ఏదో అంటాడు. అంత ఎద్దూ ముంగాళ్లు మడిచి వంగుతుంది. ముక్కుతాడు వదులుగా వేలాడుతూనే ఉంటుంది. ఆర్కే బీచ్‌లో మిట్టమధ్యాహ్నం ఇసుకలో ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటూ నిలబడే స్వారీ గుర్రాన్ని చూసినప్పుడల్లా నాకు ఆ ఎద్దు గుర్తొస్తుంది.

గుర్రానికి బదులు ఎద్దును స్వారీకి అలవాటు చేయొచ్చా? చేయొచ్చు. 2011లో జర్మనీలోని బవేరియాలో ఒక టీనేజ్ అమ్మాయి, ఇంట్లో గుర్రం కొనివ్వకపోతే, లూనా అనే ఆవుకు జీను కట్టి అడ్డుకర్రలు దూకించింది. బ్రెజిల్‌లోని మరాజో దీవిలో పోలీసులు గేదెలెక్కి గస్తీ తిరుగుతారు. గుర్రం దిగబడే బురదలో కూడా గేదె నడుస్తుంది మరి. మనకూ ఇది వింతేమీ కాదు. చెరువు నుంచి గేదె వీపు మీదే ఇంటికొచ్చిన పిల్లలు ఏ ఊళ్లో లేరు? లంబాడీల ఎడ్లు ఈ తీరం నుంచి ఉప్పు బస్తాలు మోసుకుని ఘాట్లెక్కి ఒడిశాలోని జయపురం వైపు వెళ్లేవి.

అయితే బీచ్‌లో గుర్రాన్ని తీసేసి ఎద్దును నిలబెడితే సరిపోతుందంటే నేను ఒప్పుకోను. ఎద్దు తిన్న మేతను రోజుకు ఏడెనిమిది గంటలు నెమరు వేసుకోవాలి. ఆ తీరిక లేకపోతే జబ్బు పడుతుంది. దాని చర్మం వదులు, జీను పక్కకు జారుతుంది. ఛాతీ ముందు నుంచీ తోక కింద నుంచీ పట్టీలు కట్టాలి, మనిషి మూపురం వెనక కూర్చోవాలి. తారురోడ్డు మీద నడవాలంటే నాడాలు కావాలి. చీలిన గిట్ట కాబట్టి కాలికి రెండు, మొత్తం ఎనిమిది. మూడు కాళ్ల మీద ఓపిగ్గా నిలబడదు కాబట్టి మన ఊళ్లలో తాళ్లు కట్టి పడగొట్టి మరీ కొడతారు. ఆ దృశ్యం ఒక్కసారి చూసినవాళ్లు దాన్ని తారురోడ్డెక్కించాలని అనుకోరు.

దానికి తగిన చోటు కొండదారి. పాడేరు, జి.మాడుగుల వైపు రోడ్డు లేని ఊళ్లకు ఇప్పటికీ గుర్రాల మీద సరుకులు చేరుతున్నాయి. 1965 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం వీపు మీద పొట్టి గుర్రానికి 70 కిలోలు, మధ్యరకం ఎద్దుకు 150 కిలోలు దాకా వేయొచ్చు. ఎద్దు నెమ్మదిగా నడుస్తుంది, నిజమే. కానీ రేషన్ బియ్యానికి, మోకాళ్ల నొప్పులతో సంతకెళ్లే ముసలమ్మకు పరుగెందుకు?

దూడలకూ కొదవ లేదు. ట్రాక్టర్లొచ్చాక కోడెదూడ రైతుకు బరువైంది. సింహాచలం అప్పన్నకు మొక్కుగా వచ్చేవి కొన్ని, నగరంలో డివైడర్ల పక్కన ప్లాస్టిక్ నమిలేవి ఇంకొన్ని. వీటిలో కొన్నింటికైనా పని నేర్పొచ్చు. ఈ విద్య తెలిసినవాళ్లు మన మధ్యే ఉన్నారు. గంగిరెద్దులవాళ్లకు గొంతుతోనే ఎద్దును నడిపించడం తెలుసు. మనం వాళ్లను ఏడాదికోసారి చాటలో బియ్యం పోసి పంపేస్తున్నాం. జీతమిచ్చి గురువులుగా పిలవాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

తొందర మాత్రం పనికిరాదు. పాలు మరిచిన దూడకు మొదట తలతాడు, మనిషి పక్కన నడక. తర్వాత వీపు మీద ఖాళీ గోనెసంచి, దాని భయం పోయేదాకా రోజూ. ఎముక గట్టిపడ్డాక కొద్దిగా ఇసుక. మూడేళ్లు నిండాకే మనిషి, అదీ ముందు తేలికైన మనిషి, కాసేపే. ముల్లుకర్ర పట్టుకున్నవాణ్ని మొదటిరోజే ఇంటికి పంపేయాలి. గోశాలలో ఓ పది దూడలతో, ఇద్దరు గంగిరెద్దులవాళ్లతో, ఒక పశువైద్యుడితో మొదలుపెట్టినా చాలు. ఈ సంక్రాంతికి తలతాడు కడితే, నాలుగో సంక్రాంతికి ఆ కోడెల్లో ఒకటైనా పాడేరు కొండెక్కుతుంది.