అమ్మే ఇంటికి అలంకారం

ఇల్లు అమ్మదలచినవారు ముందుగా చేయించే మరమ్మతులను శ్రద్ధగా పరిశీలిస్తే, కొనబోయేవాడి అవసరాల సంగతి ఏమో కాని, అమ్ముతున్నవారికి ఏళ్ల తరబడి తీరకుండా ఉండిపోయిన కోరికలన్నీ బయటపడతాయి. గుంటూరు బ్రాడీపేట నాలుగో లైనులో మా తాతగారు 1964లో కట్టించిన ఇంటిని అమ్మివేయాలని మా పెదనాన్నగారు నిశ్చయించినప్పుడు మా బంధువర్గానికి ఈ సత్యాన్ని దగ్గరగా చూసే అవకాశం కలిగింది. "ఉన్నదున్నట్టు చూపిస్తే ధర పలకదు, కాస్త మెరుగులు దిద్ది చూపిద్దాం" అని ఆయన అన్నదే తడవుగా, ఇంట్లో ఎవరి జాబితా వారు బయటికి తీశారు.

మా పెద్దమ్మ జాబితాలో ఉన్నది ఒక్కటే అంశం, వంటగట్టు. ఆ గట్టు మా నాయనమ్మ ఎత్తును బట్టి కట్టినది; నాయనమ్మ పొట్టి, పెద్దమ్మ పొడగరి. కాపురానికి వచ్చిన నాటి నుంచి వంగి వంగి వండుతూ, దాన్ని జానెడు ఎత్తు పెంచమని ఆవిడ అడగని పండగ లేదు, "ఇప్పుడెందుకు, చూద్దాంలే" అని పెదనాన్న అనని పండగా లేదు. అటువంటిది, ముక్కూమొహం తెలియని ఏ ఇల్లాలి నడుమో నొప్పి పెట్టకూడదని ఆయన ఇప్పుడు నల్ల గ్రానైటుతో గట్టు పెంచడానికి ఒప్పుకున్నారు. పెద్దమ్మ సంతోషించాలో, ఆయనను నిలదీయాలో తేల్చుకోలేక, నాలుగు రోజులు మౌనంగా కొత్త గట్టు ముందు నిటారుగా నిలబడి వంట చేసింది.

పెదనాన్నగారి కోరిక ముందుగదికి ఫాల్స్ సీలింగు. విజయవాడలో ఉంటున్న ఆయన తోడల్లుడి ఇంట్లో అది ఉంది, దాని అంచుల్లో నీలం దీపాలు కూడా ఉన్నాయి. ఇంతకన్నా కారణం చెప్పనక్కరలేదు. మా అన్నయ్య హైదరాబాదు నుంచి ఫోనులోనే స్నానాలగదికి అద్దాల తడిక కావాలన్నాడు. వాస్తు చూసే ఆయన వచ్చి ఈశాన్యంలో ఉన్న మెట్లను తీసివేయమన్నాడు గాని, అవి తీస్తే మేడ మీదికి ఎలా వెళ్లాలో చెప్పలేకపోవడంతో ఆ సలహా అక్కడే ఆగింది. ఇల్లు కొత్తగా కనిపించాలంటే తలుపులు కూడా మారాలని వడ్రంగి చెప్పగా, తాతగారి నాటి టేకు తలుపులనూ కిటికీలనూ అతడికే చవకగా అప్పగించి, నున్నగా మెరిసే ఫ్లష్ డోర్లు పెట్టించారు.

ఈ వ్యవహారమంతటిలో పనికివచ్చే మాట చెప్పినవాడు తాపీ మేస్త్రీ ఒక్కడే. "అయ్యగారూ, డబ్బు పెట్టదలచుకుంటే ముందు శ్లాబు మీద పెట్టండి. పగుళ్లు పూడ్చి, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, పిట్టగోడ వార నీళ్లు నిలవకుండా వాటం సరిచేయాలి. ఆ తరువాత గోడల చెమ్మ, కారే కుళాయిలు, పాత స్విచ్చిబోర్డులు చూసుకుని, లేత రంగు వేయిస్తే చాలు. వంటిల్లూ అవీ కొన్నవాళ్లు ఎలాగూ తమకు కావలసినట్టు మార్చుకుంటారు" అన్నాడు. నా దృష్టిలో ఇంతకు మించిన శాస్త్రం లేదు. కాని పెదనాన్నగారు, "మేడ మీద చేయించిన పని కింద నిలబడి చూసేవాడికి కనిపిస్తుందా?" అని ఎదురు ప్రశ్న వేశారు. ఆ శ్లాబు ముందుగదిలో ఒక మూల కారుతుందని ఇంటిల్లిపాదికీ తెలుసు. వాన మొదలవగానే ఎవరో ఒకరు ఆ మూల గంగాళం పెట్టడం, వాన వెలిశాక తీయడం తరాలుగా సాగుతున్న ఆచారమే. ఫాల్స్ సీలింగు వేయిస్తే ఆ మరక కూడా కనబడదన్నది ఆయన లెక్క. లప్పం పెట్టి, ప్రైమరు కొట్టి, రంగులు వేసి పని ముగించేసరికి, అనుకున్న ఖర్చు రెట్టింపు దాటింది.

అక్టోబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి రాత్రంతా కుండపోతగా కురిసిన మరునాడే, పార్టీని తీసుకువస్తున్నానని బ్రోకరు కబురు చేశాడు. గంగాళం పెట్టవలసిన మూల ఇప్పుడు పొడిగా ఉండడం చూసి పెదనాన్నగారు మురిసిపోయారు. కారిన నీరు ఎక్కడికీ పోలేదనీ, జిప్సం పలకల మీద నిలిచి, వాటిలోకి ఇంకి, వాటిని బరువెక్కిస్తోందనీ ఆయనకు తెలియదు. తెల్లచొక్కా వేసుకుని వచ్చిన పెద్దమనిషిని సోఫాలో కూర్చోబెట్టి, గొప్పగా నీలం దీపాల స్విచ్చి వేయగానే దీపాలతో పాటు ఇల్లంతా కరెంటు పోయింది. ఫ్యూజు చూడడానికి ఆయన అటు తిరిగారో లేదో, మూలనున్న పలక ఒకటి పొట్ట ఉబ్బించి, చిన్నగా మూలిగి, నీళ్లతో సహా బ్రోకరు నెత్తి మీద దిగింది. బ్రోకరు తెల్లని సుద్ద ముద్దలో నిలబడి, అలవాటు కొద్దీ, "గాలీ వెలుతురూ ధారాళంగా వస్తాయండీ" అన్నాడు.

వచ్చిన పెద్దమనిషి మాత్రం చలించలేదు. ఆయన అసలు పైకి చూస్తేగా! జేబులోంచి టేపు తీసి, వీధి వెడల్పు కొలిచి, స్థలం ఎన్ని గజాలో అడిగి, ఈసీ, అంటే ఆస్తి మీద తాకట్లూ లావాదేవీలూ ఏమున్నాయో చూపే రిజిస్ట్రారు ఆఫీసు పత్రం తీయించారా, ఇల్లు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే లింకు దస్తావేజులు ఉన్నాయా, పంపకాల కాగితం మీద ఆడపడుచుల సంతకాలు ఉన్నాయా అని వరసగా ప్రశ్నించారు. ఆయన అపార్టుమెంట్లు కట్టే మనిషి. బ్రాడీపేటలో పాత ఇంటికి గజం లెక్కన స్థలానికే తప్ప కట్టుబడికి ధర కట్టరని, అడిగినవారికి అడగనివారికి చెప్పే బ్రోకరు ఈ ఒక్క ఇంటి విషయంలో ఎందుకు చెప్పలేదో నాకు ఇప్పటికీ తెలియదు. సీలింగు పలకలు బిగించడానికి అందరికీ తీరిక దొరికింది గాని, ఈసీ తీయించినవారు మాత్రం మా ఇంట్లో ఎవరూ లేరు. "కొత్తగా పెట్టించిన వాటికి ఏమైనా కలుపుతారా?" అని పెదనాన్న మొహమాటంగా అడిగితే, "ఇల్లు పడగొట్టే ఖర్చే ధరలోంచి తగ్గించుకోవాలండీ. పాత టేకు తలుపులుంటే ఆ లెక్కలో సరిపోయేవి" అని ఆయన ఫ్లష్ డోరును వేలితో తట్టి చూశారు.

మేనత్తల సంతకాలు కుదిరి, రిజిస్ట్రేషను పూర్తయ్యాక పెదనాన్నగారు చివరి ఆశతో ఆడిటరు దగ్గరికి వెళ్లారు. మరమ్మతుల ఖర్చును లాభంలోంచి తీసివేస్తే పన్ను తగ్గుతుందని తోడల్లుడు చెప్పాడట. ఇంటికి కొత్తగా చేర్చినదీ, గణనీయంగా మార్చినదీ అయితే లెక్కలోకి వస్తుందనీ, రంగులూ చిల్లర మరమ్మతులూ రావనీ, ఏదైనా సరే బిల్లు ఉండాలనీ ఆడిటరు వివరించారు. గట్టుకూ, స్నానాలగదికీ అయిన ఖర్చంతా మేస్త్రీ ఒక క్యాలెండరు కాగితం వెనక పెన్సిలుతో రాసి ఇచ్చాడు. బిల్లు కావాలంటే 18 శాతం జీఎస్టీ కలుస్తుందని గ్రానైటు కొట్టువాడు చెప్పినప్పుడు వద్దన్నది పెదనాన్నగారే. మొత్తం ఫైలులో పక్కా బిల్లు ఉన్నది రంగు డబ్బాలకు ఒక్కదానికే. ఆడిటరుగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మర్యాదగా మడిచి తిరిగి ఇచ్చేసి, తమ ఫీజుకు మాత్రం 18 శాతం జీఎస్టీతో సహా బిల్లు వేసి చేతికిచ్చారు.