ఆదివారం నాడు హెచ్‌టాప్ కట్టాను

"ఇరవై నిమిషాలయ్యాక మోటారు కట్టేయండి, మరిచిపోకండి" అని చెప్పి మా ఆవిడ కూరగాయలకు వెళ్లింది. అప్పుడే 12 వేల లీటర్ల ట్యాంకరు వచ్చి సంపు నింపిపోయింది. బెంగళూరు మారతహళ్లిలో ట్యాంకరు నీళ్లంటే బిందె బిందెకూ లెక్కే. సరేనని స్విచ్ వేసి, ఇరవై నిమిషాలు ఊరికే కూర్చోవడం ఎందుకని ల్యాప్‌టాప్ తెరిచాను.

హెచ్‌టాప్ అని ఒక చిన్న ప్రోగ్రామ్ ఉంది. కంప్యూటర్‌లో ఏ పని నడుస్తోంది, ఎంతసేపటి నుంచి నడుస్తోంది, మెమరీ ఎంత మింగుతోంది అన్నీ రంగుల గీతలతో చూపిస్తుంది. నా ల్యాప్‌టాప్‌ను నడిపే ఉబుంటులో ఉన్న 3.0.5 వెర్షన్ బాగానే పనిచేస్తోంది. బాగా పనిచేసేదాన్ని ముట్టుకోకూడదని, కిందటేడు మిక్సీ విప్పినప్పుడే నాకు తెలియాల్సింది. కానీ అంగట్లో సీసా ఆవకాయ దొరుకుతున్నా కాయలు తెచ్చి, తుడిచి, ఆవాలు దంచుకునే వంశం మాది. కొత్తదాన్ని సోర్స్ కోడ్ నుంచి, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు రాత నుంచి, నేనే కట్టుకుందామనుకున్నాను.

మంత్రం మూడు ముక్కలే: సరంజామా చూసుకునే కాన్ఫిగర్, కట్టే మేక్, కట్టినదాన్ని చోట్లో పెట్టే మేక్ ఇన్‌స్టాల్. మొదటి ముక్క కొట్టగానే అలాంటి ఫైలే లేదంది. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్ నుంచి దించుకున్న కోడ్‌లో అది ఉండదట, ఆటోజెన్ అనే మరో స్క్రిప్టు దాన్ని పుట్టించాలట. ఆటోజెన్‌ను పిలిస్తే, ఆటోకాన్ఫ్, ఆటోమేక్ లేనిదే కదలనని కూర్చుంది, అలిగిన పెళ్లికొడుకులా. వాటినీ తెచ్చాను.

అప్పుడు కాన్ఫిగర్ పురోహితుడిలా సామగ్రి జాబితా అందుకుంది. సి కంపైలర్ ఉందా? ఉంది. పనిచేస్తుందా? చేస్తుంది. తెర మీద గీతలు గీసిపెట్టే ఎన్‌కర్సెస్ లైబ్రరీ ఉందా? అక్కడ ఆగిపోయింది. ఉంది మహాప్రభో, లేకపోతే పాత హెచ్‌టాప్ ఎలా నడుస్తోంది! అరగంట తల గోక్కున్నాక అర్థమైంది. నడవడానికి కావలసిన లైబ్రరీ వేరు, కట్టడానికి కావలసిన హెడర్ ఫైళ్లు వేరు. ఆ రెండోవి, పేరు చివర డెవ్ అనే తోక ఉన్న ప్యాకేజీలో ఉంటాయి.

మేక్ చిటికెలో అయిపోయింది. మేక్ ఇన్‌స్టాల్ అంటే అనుమతి లేదంది. ముందు సుడో, అంటే యజమాని హోదాలో చెయ్యమనే మాట, చేర్చి మర్యాదగా అడిగితే దారికొచ్చింది. మీసం సవరించుకుని వెర్షన్ అడిగాను.

3.0.5.

మళ్లీ అడిగాను. మళ్లీ 3.0.5. కొత్తదేమో యూఎస్ఆర్ లోకల్ బిన్ అనే ఫోల్డర్‌లో బుద్ధిగా కూర్చునే ఉంది. నేను కొట్టే ఆజ్ఞలు అందుకునే బాష్ మాత్రం పొద్దున నడిపిన పాతదాని చిరునామా గుర్తుపెట్టుకుని, అద్దె ఇల్లు మారిన సంగతి తెలియని పాలవాడిలా అక్కడికే వెళ్తోంది. హ్యాష్ మైనస్ ఆర్ అని కొట్టాను. గుర్తున్నదంతా మరిచిపొమ్మని దానికి చెప్పే మాట అది. నాకైతే ఎవరూ చెప్పనక్కరలేదు.

కొత్త హెచ్‌టాప్ వెలిగింది. గీతలన్నీ నేలకు అంటుకుపోయి ఉన్నాయి. కంప్యూటర్‌లో చెప్పుకోదగ్గ పనేమీ లేదు. కాస్తోకూస్తో కష్టపడుతున్నది హెచ్‌టాప్ ఒక్కటే. ఆ సంబరంలో ఉండగా కిటికీ బయట జోరున వాన. ఎర్రటి ఎండలో వాన! కింది నుంచి ఇంటి యజమాని గొంతు: "మోటార్ ఆఫ్ మాడ్రీ!"

నేను స్విచ్ దగ్గరికి పరుగెత్తేసరికి మా ఆవిడ గుమ్మంలో ఉంది, తడిసిన కూరగాయల సంచితో. ఏమీ అనలేదు. తెర వైపు చూసింది.

"ఏమిటిది?"

"ఏది ఎంతసేపటి నుంచి నడుస్తోందో చూపిస్తుంది."

"మోటారు కూడానా అండీ?"