ఆ బోడిగుట్ట జోలికి వెళ్లకండి

మా బ్యాచ్ గ్రూపులో ఇది వారంలో నాలుగోసారి. "సతారా దగ్గర కాస్ పీఠభూమిని అందమైనదని యునెస్కో ప్రకటించింది. పూలు పన్నెండేళ్లకోసారి వస్తాయి. మిగతా కాలమంతా పనికిరాని గడ్డి, బీడు. జనం తొక్కి పాడుచేస్తున్నారు. వానాకాలంలో వెళ్లేవాళ్లు తలా వంద విత్తన బంతులు విసిరి అడవి చేయండి." కింద వరసగా దండాలు.

పన్నెండేళ్ల ముచ్చట మున్నార్ నీలకురింజిది. కాస్‌లో ఏటా పూస్తాయి, ఏడెనిమిదేళ్లకోసారి పూసే కార్వి అనే పొద వేరే ఉంది. యునెస్కో అందాల పోటీలు పెట్టదు. 2012లో పశ్చిమ కనుమల్లో 39 చోట్లను వారసత్వ జాబితాలో చేర్చింది, కాస్ అందులో ఒకటి.

ఇక ఆ గడ్డి. గ్లైఫోక్లోవా అని ఓ గడ్డి ప్రజాతి ఉంది. 1981లో క్లేటన్ అనే వృక్షశాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడు. మన ద్వీపకల్పం దాటితే ప్రపంచంలో ఎక్కడా దొరకదు. అందులో కొన్ని జాతులకు కాస్‌లో ఉన్నలాంటి లేటరైట్, అంటే తుప్పురంగు ఎర్రరాయి, పెంకులే ఇల్లు. రాయి మీద బెత్తెడు కూడా లేని మన్ను, అందులో ఇనుమూ అల్యూమినియమే తప్ప సారం లేదు. తొలకరికి మొలిచి, వానలు వెనకబట్టేసరికి గింజ రాల్చి ఎండిపోతుంది. మీరు బీడు అంటున్నది, మన్నులో దాక్కున్న ఆ గింజల్ని. పక్కనే పురుగుల్ని తిని బతికే మొక్కలున్నాయంటేనే ఆ నేల ఎంత పేదదో తెలియాలి. ఆ పేదరికమే వాటికి కాపలా. సారం తగిలితే ఎక్కడైనా పెరిగే పొడుగు గడ్డి వచ్చి వీటిని మింగేస్తుంది.

మరి విత్తన బంతిలో ఏముంటుంది సార్? పేడ! గ్రూపులో నూటపాతిక మందిమి, తలా వంద. లెక్కలు బాగా వచ్చినవాళ్లున్నారుగా, ఎన్ని ముద్దలో వేసి చెప్పండి. లోపల సుబాబుల్ చెట్టు గింజలుంటే ఇక చెప్పేదేముంది. మొలకెత్తకపోతే ఎరువు, మొలకెత్తితే నీడ. ఏదైనా ఆ గడ్డికి చావే. పుణ్యం మాత్రం మనకు.

జనం తొక్కిడి మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం, ఫోటో కోసం మా వాళ్లే తాడు దాటారు. బీడు అన్నందుకూ ఆ మెసేజ్ పెట్టినాయనొక్కడినే తిట్టలేను, సర్కారు లెక్కల్లోనూ ఇలాంటి రాతి నేలలు బంజరు కిందే పడుతుంటాయి.

పైగా నేనూ విసిరినవాణ్ణే, ఒక జూలైలో, వికారాబాద్ గుట్టల మీద. చెట్లు లేని చోటే చూసి మరీ విసిరాం. రాయి ఎర్రగా, తుప్పు పట్టినట్టుంది. దాని మీద ఏ గడ్డి ఉందో వంగి చూడలేదు.